తొమ్మిది నెలల మోకాలు, రెండు నెలల పట్టిక

2019 మార్చి. ఒసాకాలో సూమో పోటీలు జరుగుతున్నాయి. పొద్దున పూట, హాలు ఇంకా సగం కూడా నిండక ముందే, 27 ఏళ్ళ మల్లుడు ఒకడు ఐదో శ్రేణిలో బరిలోకి దిగాడు. ఆ శ్రేణిలో ఉండేది ఎక్కువగా అప్పుడప్పుడే ఆటలోకి వచ్చిన కుర్రాళ్ళు, ఏళ్ళ తరబడి పైకి రాలేక అక్కడే ఉండిపోయినవాళ్ళు. ఇతను ఈ రెండు రకాలకూ చెందడు. పేరు తెరునోఫుజి. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో పుట్టినవాడు. నాలుగేళ్ళ కింద, 2015 మేలో, అగ్రశ్రేణి టైటిల్ గెలిచి ఓజెకి అయ్యాడు. సూమోలో దానికి పైన ఇక ఒక్క హోదాయే ఉంది.

అంత పైనున్న మనిషి ఇంత కిందికి ఎలా వచ్చాడు? కేవలం ఓడి ఓడి రాలేదు. చివరి నాలుగు పోటీలకు అసలు రాలేదు. రెండు మోకాళ్ళకు ఆపరేషన్లు, మధుమేహం, కాలేయ జబ్బు. మంచం మీద ఉన్నన్నాళ్ళూ అతని పేరు పట్టికలో దానంతట అదే దిగిపోతూ వచ్చింది. సూమోను అర్థం చేసుకోవాలంటే ఈ పట్టిక దగ్గరే మొదలుపెట్టాలని నా నమ్మకం. బరిలో ఇద్దరు ఢీకొనేది కొన్ని సెకన్లే. పట్టికకూ శరీరానికీ మధ్య జరిగే కుస్తీ మాత్రం ఏళ్ళ తరబడి సాగుతుంది.

ఆ పట్టికను బంజుకే అంటారు. ఏడాదికి ఆరు పోటీలు, రెండు నెలలకొకటి. ప్రతి పోటీకి దాదాపు రెండు వారాల ముందు కొత్త బంజుకే వెలువడుతుంది. ఆరు వందల మంది మల్లులు, ఆరు శ్రేణులు. బరిలో తీర్పు చెప్పే రిఫరీలే కుంచెతో పేర్లన్నీ రాస్తారు. పైవాళ్ళ పేర్లు లావుగా, నల్లగా ఉంటాయి. కిందికి పోయేకొద్దీ అక్షరం సన్నబడి, ఆఖరి వరసలో పేరు చదవాలంటే భూతద్దం కావాలి. ఆ అట్టడుగు శ్రేణికి వాడుకలో ఉన్న పేరే భూతద్దం.

పై శ్రేణి మకుఉచిలో 42 మంది. యోకొజునా, ఓజెకి, సెకివాకే, కొముసుబి అనే నాలుగు పెద్ద హోదాలు, వాటి కింద మాయెగషిరా అనే సంఖ్యా వరస. రెండో శ్రేణి జుర్యోలో 28 మంది. ఈ 70 మందికే నెల జీతం. జుర్యోలో నెలకు 11 లక్షల యెన్లు, యోకొజునాకు 30 లక్షలు. జుర్యో కింద ఒక్క మెట్టు దిగినా జీతం సున్న. పోటీ పోటీకి ఇచ్చే కాస్త భత్యం తప్ప ఏమీ రాదు. సొంత గది పోతుంది, పట్టు నడికట్టు పోతుంది, సేవ చేసే కుర్రాళ్ళు పోతారు. ఆ మరునాటి నుంచి తానే మరొకరికి సేవ చేయాలి.

ఎక్కడానికీ దిగడానికీ లెక్క తేలిక. పై రెండు శ్రేణుల్లో పోటీకి 15 రోజులు, రోజుకొక కుస్తీ. ఎనిమిది గెలిస్తే పైకి, ఏడే గెలిస్తే కిందికి. గెలుపు ఓటముల మధ్య తేడా ఎంత ఉంటే దాదాపు అన్ని మెట్లు కదులుతారు. పై హోదాలకు వేరే నియమాలున్నాయి. ఓజెకి వరసగా రెండుసార్లు ఎనిమిది అందుకోలేకపోతే హోదా పోతుంది. యోకొజునాను మాత్రం దించరు. ఆ స్థాయికి తగ్గ ఆట ఆడలేనప్పుడు అతను రిటైరైపోవాలి, అంతే.

ఇక రానివాడి సంగతి. గాయమై రాకపోతే ఆ రోజులన్నీ ఓటములే. ఐదో మాయెగషిరా ఒకతను మోకాలు తిరిగి ఒక పోటీ మొత్తం మానేశాడనుకుందాం. సున్న గెలుపులు, పదిహేను ఓటములు: రెండో శ్రేణిలో పడతాడు. ఇంకో పోటీ మానేస్తే జీతం లేని మూడో శ్రేణికి. అక్కడ ఒక్కో సంఖ్యకు తూర్పు, పడమర అని ఇద్దరు చొప్పున అరవై మెట్లు ఉన్నా, పోటీకి ఏడే కుస్తీలు. అవి మానేస్తే ఒక్కసారిగా నలభై మెట్ల దాకా జారతాడు. ఆ తర్వాత నాలుగో శ్రేణి, ఐదోది. తెరునోఫుజి 2018 జులైలో మూడో శ్రేణిలో ఉన్నాడు. ఆ జులై, సెప్టెంబర్, నవంబర్, 2019 జనవరి పోటీలు మానేశాడు. మార్చికి ఐదో శ్రేణిలో 48వ మెట్టు మీద ఉన్నాడు. అట్టడుగున ఉన్నవాడు మొత్తంగా మానేస్తే పేరే పట్టికలోంచి పోతుంది. అందుకే అక్కడ గాయపడ్డవాళ్ళు ఏడింటిలో ఒక్క కుస్తీకైనా వచ్చి నిలబడి వెళ్ళడం మామూలు.

మా అనంతపురం జిల్లాలో తిరునాళ్ళకు, పండగలకు బండలాగుడు పందేలు పెడతారు. అక్కడ ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూడకుండా పోటీకి దింపరు. పాలపళ్ళవి ఒక విభాగం, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, ఆపైన సీనియర్లు. జతను బట్టి బండ బరువు మారుతుంది. లేత కోడెకు ముదురు ఎద్దు లాగే బండ కట్టరు. వృత్తి సూమోలో అలాంటి విభజన ఏదీ లేదు. వయసు చూడరు, బరువు చూడరు. 1990లలో 270 కిలోలు దాటిన కొనిషికి, వంద కిలోలు కూడా లేని మైనోఉమి ఒకే బరిలో తలపడ్డారు. మైనోఉమికి ప్రవేశానికి కావలసిన 173 సెంటీమీటర్ల ఎత్తు లేకపోతే తల మీది చర్మం కింద సిలికాన్ పెట్టించుకుని మరీ కొలతలో నెగ్గాడు. చిన్నవాడు పెద్దవాణ్ణి పడగొట్టినప్పుడు హాలంతా లేచి నిలబడుతుంది. ఆ ముచ్చట నాకూ ఇష్టమే. కానీ ఆటకు ఇంత అందం తెచ్చిన ఈ స్వేచ్ఛే, బరువు పెంచుకుంటూ పొమ్మని ప్రతివాణ్ణీ తరుముతుంది. ఇప్పుడు పై శ్రేణి సగటు బరువు 160 కిలోల చుట్టూ ఉంది.

160 కిలోల మనిషి సెకనుకు మూడు మీటర్ల వేగంతో దూకాడని, ఎదుటివాడు అతన్ని సెకనులో అయిదో వంతు కాలంలో ఆపాడని అనుకుందాం. ద్రవ్యవేగం 480. దాన్ని 0.2తో భాగిస్తే 2,400 న్యూటన్లు. అంటే దాదాపు రెండున్నర క్వింటాళ్ళ బరువు మోపినంత బలం. ఆపే కాలం సగమైతే బలం ఐదు క్వింటాళ్ళవుతుంది. ఇది సగటే. తలా తలా, తలా భుజమూ తాకే మొదటి క్షణంలో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. శిక్షణలో ఇలాంటి ఢీలు రోజుకు ఎన్నో.

బరువు పెరిగినంతగా శరీరంలోని అన్ని భాగాలూ పెరగవు. గెలీలియో 1638లో అచ్చయిన తన చివరి పుస్తకంలోనే ఈ లెక్క చెప్పాడు: ఆకారాన్ని అన్ని వైపులా రెట్టింపు చేస్తే బరువు ఎనిమిది రెట్లవుతుంది, ఎముక అడ్డుకోత మాత్రం నాలుగు రెట్లే. సూమోలో పరిస్థితి ఇంకా కఠినం. ఇక్కడ మనిషి ఎత్తు పెరగడు, బరువే పెరుగుతుంది. కండను పెంచవచ్చు, అదీ చాలా పెంచవచ్చు. జపాన్ పరిశోధకులు 1990లలో కొలిచినప్పుడు కొవ్వు తీసేసి లెక్కగట్టినా వంద కిలోలు దాటిన మల్లులు కనిపించారు. ఒకతనిలో అది 121 కిలోలు. సూమో మల్లుడంటే వట్టి కొవ్వు అనుకునేవాళ్ళకు ఈ అంకె చాలు. పైగా ఆ కొవ్వులో ఎక్కువ భాగం పొట్ట లోపల అవయవాల చుట్టూ కాక చర్మం కింద ఉంటుంది. రోజూ చేసే గట్టి కసరత్తే దీనికి కారణమని అంటారు. కసరత్తు ఆగిపోయాక జబ్బుల నుంచి కాపాడే ఈ తీరు నిలవదు. కానీ తొడ కండ ఎంత పెరిగినా మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ కట్టిపట్టే లిగమెంటు మాత్రం ఆ లెక్కన మందం కాదు. 60 కిలోల మనిషిదీ 180 కిలోల మనిషిదీ పక్కపక్కన పెడితే మూడు రెట్ల తేడా కనపడదు.

తెలుగువాళ్ళకు బలశాలి అనగానే కోడి రామ్మూర్తి నాయుడు గుర్తొస్తాడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పి, సర్కస్ పెట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నవాడు. ఆయన బలాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే బలప్రదర్శనలో బరువు ఎంతో, ఏ వైపు నుంచి వస్తుందో, ఎప్పుడు వస్తుందో ముందే తెలుసు. ఊపిరి బిగించి సిద్ధంగా ఉండవచ్చు. కుస్తీలో బరువు ఎటు నుంచి వచ్చేదీ ఎదుటివాడు నిర్ణయిస్తాడు. పాదం మట్టిలో పాతుకుని ఉండగా నడుము పట్టుకుని పక్కకు తిప్పేస్తే, ముందుకీ వెనక్కీ మడవడానికి మాత్రమే పుట్టిన మోకాలు మెలి తిరుగుతుంది. బరి వ్యాసం 4.55 మీటర్లే. అది దాదాపు అరమీటరు ఎత్తున్న మట్టి దిబ్బ మీద ఉంటుంది. అంచున నిలబడ్డవాడి మీద ఇంకొకడు పడితే ఇద్దరూ కలిసి కిందికి వస్తారు. 2021 మార్చిలో హిబికిర్యు అనే 28 ఏళ్ళ మల్లుడు బరిలోనే తల కింద పెట్టి పడ్డాడు. నెల తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. పడ్డవాణ్ణి ఎలా కదపాలో తెలిసిన వైద్యుడు బరి పక్కనే ఉండాలన్న డిమాండు ఆ తర్వాత గట్టిగా వినిపించింది. అంతదాకా ఆగకుండా ఉండాల్సింది.

మోకాలి గాయాల్లో పేరుమోసింది ఏసీఎల్ అనే లిగమెంటుది. తెగితే దానంతట అది అతుక్కోవడం అరుదు. దానికి రక్తసరఫరా తక్కువ. కీలు ద్రవంలో ఉండటంతో తెగిన చివరల మధ్య గడ్డకట్టిన రక్తం నిలిచి వంతెనలా కుదురుకోదు. సర్జన్లు మోకాలి చిప్ప కింది నుంచో తొడ వెనక నుంచో స్నాయువు ముక్క తీసి ఆ చోట అమరుస్తారు. ఆ ముక్క మొదటి వారాల్లో బలపడదు సరికదా, బలహీనపడుతుంది. దానిలోని పాత కణాలు చచ్చి, కొత్త రక్తనాళాలు పాకి, నెలల మీద అది లిగమెంటుగా మారుతుంది. నొప్పి మాత్రం అంతకు చాలా ముందే పోతుంది. మోసమంతా ఇక్కడే ఉంది: మనిషికి బాగైపోయిందనిపిస్తుంది, లోపల కాలేదు. తొమ్మిది నెలల కంటే ముందే మెలికలు తిరిగే ఆటలోకి దిగినవాళ్ళలో మోకాలు మళ్ళీ దెబ్బతినే ముప్పు బాగా ఎక్కువని ఇప్పుడు క్రీడావైద్యులు గట్టిగా చెబుతున్నారు.

తొమ్మిది నెలలంటే సూమోలో నాలుగైదు పోటీలు. పై శ్రేణి నుంచి నాలుగో శ్రేణి దాకా. ఇద్దరు పిల్లలున్న ముప్ఫై ఏళ్ళ మాయెగషిరాకు డాక్టరు తొమ్మిది నెలలు ఆగమంటే అతని చెవికి వినిపించేది ఏడాదికి పైగా జీతం లేదనే. ఎందుకంటే దిగినన్ని పోటీల్లో తిరిగి ఎక్కలేరు. అందుకే కట్లు కట్టుకుని వస్తారు. టీవీలో ఆ తెల్లకట్ల మోకాళ్ళు చూసి ధైర్యమని మెచ్చుకునేవాళ్ళకు నా మనవి: వెనక ఉన్న లెక్కను కూడా చూడండి.

ఒకప్పుడు దీనికి కొంత ఉపశమనం ఉండేది. బరిలో గాయపడ్డవాడు తర్వాతి పోటీ మానేసినా హోదా పోకుండా కాపాడే నియమాన్ని 1972లో తెచ్చారు. చిన్న గాయాలకు కూడా దాన్ని వాడుకుంటున్నారని, పై శ్రేణిలో ఖాళీలు మరీ పెరిగిపోయాయని 2004 నుంచి ఎత్తేశారు. దుర్వినియోగం జరిగి ఉండవచ్చు. దానికి విరుగుడు సంఘం సొంత వైద్యుల చేత పరీక్ష చేయించడం. నియమాన్నే తీసేయడం వల్ల అబద్ధం చెప్పినవాడితో పాటు నిజంగా లిగమెంటు తెగినవాడికీ శిక్ష పడింది.

దించడానికి వీల్లేని యోకొజునాలైనా ఆగుతారా అంటే, వాళ్ళూ ఆగరు. 2001 మేలో తకనోహనా పద్నాలుగో రోజున మోకాలు దెబ్బతీసుకున్నాడు. మరునాడు అలాగే దిగి టైటిల్ గెలిచాడు. జపాన్ ప్రధాని స్వయంగా కప్పు అందించాడు. ఆ తర్వాత ఏడు పోటీలు వరసగా రాలేదు. 2003 జనవరికి రిటైరయ్యాడు. ఆ విజయం అతనికి 22వది, ఆఖరిది. 2017 మార్చిలో కిసెనొసాతోది ఇదే కథ. అంతకుముందు ఒకటే రోజు తప్ప సెలవు ఎరుగనివాడికి యోకొజునాగా తన మొదటి పోటీలో పదమూడో రోజున ఎడమ వైపు ఛాతీ, చేతి కండరం దెబ్బతిన్నాయి. చివరి రోజున ఒంటి చేత్తో ఒకే మల్లుణ్ణి మామూలు కుస్తీలోనూ, టైటిల్ తేల్చే కుస్తీలోనూ రెండుసార్లు ఓడించాడు. దేశమంతా ఏడ్చింది. ఆ తర్వాత ఎనిమిది పోటీలు వరసగా పూర్తిగానో కొంతమేరకో మానేసి, 2019 జనవరిలో ఆట వదిలేశాడు. ఆ రోజు ఓడినవాడు తెరునోఫుజి. అతనివీ కట్లు కట్టిన మోకాళ్ళే. ఆ సాయంత్రాన్ని సూమో చరిత్రలో గొప్ప రోజుగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇద్దరు ఆటగాళ్ళ బతుకులు అరిగిపోయిన రోజుగానే కనిపిస్తుంది.

ఎనిమిదో గెలుపు దగ్గరున్న ఈ గీత మరో వింతను కూడా బయటపెట్టింది. ఆర్థికవేత్తలు మార్క్ డగ్గన్, స్టీవెన్ లెవిట్ 1989 నుంచి 2000 వరకు జరిగిన 32 వేలకు పైగా కుస్తీలను లెక్కగట్టి 2002లో ప్రచురించారు. చివరి రోజుకు ఏడు గెలిచి ఏడు ఓడినవాడికి ఆ ఒక్క గెలుపు ప్రాణం. ఎదుటివాడు అప్పటికే ఎనిమిది గెలిచి ఒడ్డున పడి ఉంటే అతనికి అంత అవసరం లేదు. మామూలుగా అయితే మొదటివాడు సగం కంటే కాస్త తక్కువసార్లు గెలవాలి. దాదాపు 80 శాతం గెలిచాడు. ఆ ఇద్దరే తర్వాతి పోటీలో తలపడినప్పుడు మాత్రం అతని గెలుపు 40 శాతానికి పడిపోయింది. తీసుకున్న బాకీ తీర్చుకున్నట్టు! పోలీసులు పట్టుకున్న ఫోన్లలోని కుస్తీ బేరాల సందేశాలు 2011లో బయటపడ్డాయి. ఆ ఏడాది మార్చి పోటీలు రద్దయ్యాయి. ఇరవై మందికి పైగా ఆటకు దూరమయ్యారు. తప్పు చేసినవాళ్ళు చేశారు. కానీ ఏడుకూ ఎనిమిదికీ మధ్య ఒక మనిషి జీతం, గది, హోదా అన్నీ పెట్టిన పట్టికలో ఈ ప్రలోభం మొదటి నుంచీ ఉంది.

గత పాతికేళ్ళలో యోకొజునాలైన వాళ్ళను వరసగా చూస్తే ఇంకొకటి తెలుస్తుంది. 2003లో అసాషోర్యు నుంచి 2025లో ఓనొసాతో దాకా ఎనిమిది మంది. వాళ్ళలో ఆరుగురు మంగోలియన్లు. ఉలాన్‌బాతర్‌లో పడే వాన అనంతపురంలో పడే 550 మిల్లీమీటర్ల చిల్లరలో దాదాపు సగమే. చలి సంగతి చెప్పనక్కర్లేదు. కరువు నేల మనుషుల్ని బలంగా పుట్టిస్తుందన్న మాట నేను నమ్మను. ఇలాంటి చోట పిల్లలకు అందేది తరచుగా తిండి తక్కువ, పని ఎక్కువ. మంగోలియాకు ఉన్నది బోఖ్ అనే దేశీయ కుస్తీ. బరువు విభాగాలు లేవు, బరి గీత లేదు, ఊరూరా పండగలకు పోటీలు. 45 టైటిళ్ళు గెలిచిన హకుహో తండ్రి 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కుస్తీ వెండి పతకం తెచ్చినవాడు. అసాషోర్యు అన్న కొడుకు హోషోర్యు 2025లో యోకొజునా అయ్యాడు. తరాల సాధనకు జపాన్ బడులు, శిక్షణశాలలు తలుపు తెరవడంతో వచ్చిన ఫలితం ఇది. తెరునోఫుజి వచ్చిందీ తొత్తొరిలోని ఒక హైస్కూలు ద్వారానే.

మా దగ్గరా అలాంటి తలుపు ఒకటి తెరుచుకుంది. 1969 నుంచి ఇక్కడ పనిచేస్తున్న విసెంటె ఫెర్రర్ సంస్థ ఆర్‌డీటీ అనంతపురంలో స్పోర్ట్స్ విలేజ్ నడుపుతోంది. హాకీ, ఫుట్‌బాల్, క్రికెట్, టెన్నిస్‌తో పాటు అక్కడ జూడో కూడా నేర్పుతారు. వేరుశనగ చేలల్లో కూలికి పోయే ఇళ్ళ ఆడపిల్లలకు జూడో చాప మీద నిలబడే వీలు దొరకడం చిన్న విషయం కాదు. జూడోలో బరువు విభాగాలున్నాయి, కింద మెత్తని చాప ఉంది. అయినా కాలు అడ్డుపెట్టి నడుము తిప్పి విసిరే పట్టు సూమోలోనిదే. మోకాలు మెలిపడే తీరూ అదే. పైగా ఇలా తిరిగే, దూకే ఆటల్లో అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఏసీఎల్ తెగడం రెండు మూడు రెట్లు ఎక్కువ. కటి వెడల్పు, దూకి దిగేటప్పుడు మోకాలు లోపలికి ఒరిగే అలవాటు, తొడ వెనక కండలకు చాలినంత శిక్షణ లేకపోవడం వంటివి కారణాలుగా చెబుతారు. వీటిలో ఎముకను మార్చలేం. దిగే పద్ధతిని, కండలను మార్చవచ్చు. వారానికి రెండు మూడుసార్లు పావుగంట వార్మప్ వ్యాయామాలతో ఈ గాయాలు గణనీయంగా తగ్గుతాయని ఎన్నో దేశాల్లో రుజువైంది.

తెరునోఫుజి సంగతికి వస్తే, అతను ఆట వదిలేస్తానని గురువు దగ్గరికి ఒకటికి పలుమార్లు వెళ్ళాడు. ఇసెగహమా శిక్షణశాల అధిపతి, ఒకప్పటి యోకొజునా అసాహిఫుజి ఒప్పుకోలేదు. ముందు ఒళ్ళు బాగుచేసుకో, తర్వాత మాట్లాడదామన్నాడు. పేరు ఎంత దిగినా దిగనిచ్చాడు. ఆ కాలమంతా తిండి, గూడు, మందు ఉన్నాయి. పట్టిక ఇవ్వని తొమ్మిది నెలలను గురువు ఇచ్చాడు. 2020 జులైలో పై శ్రేణి అట్టడుగు నుంచి టైటిల్, 2021 జులై తర్వాత 73వ యోకొజునా, 2025 జనవరిలో రిటైరయ్యేనాటికి మొత్తం పది టైటిళ్ళు. ఓజెకి నుంచి ఐదో శ్రేణికి పడి మళ్ళీ పైకి వచ్చినవాడు ఇంకొకడు లేడు.

అదే శిక్షణశాలకు చెందిన తకెరుఫుజి 2024 మార్చిలో పై శ్రేణిలో తన మొదటి పోటీలోనే టైటిల్ గెలిచాడు. 110 ఏళ్ళలో ఎవరూ చేయని పని. పద్నాలుగో రోజు చీలమండ దెబ్బతింది, పదిహేనో రోజు దిగి గెలిచాడు. మే పోటీకి రాలేకపోయాడు. జులైకి విజేత రెండో శ్రేణిలో ఉన్నాడు. సెప్టెంబర్‌లో ఆ శ్రేణి గెలిచి తిరిగి పైకొచ్చాడు. 2025 జూన్ నుంచి ఇసెగహమా అధిపతి తెరునోఫుజి. మోకాలు తిరిగిన కుర్రాణ్ణి ఎప్పుడు దింపాలో తేల్చేది ఇప్పుడతనే.

ఈ తేల్చడానికి నొప్పి లేదన్న మాటను నమ్ముకోకూడదని క్రీడావైద్యం చెబుతుంది. దానికి కొన్ని కొలతలున్నాయి. తొడ కండల బలాన్ని యంత్రంతో కొలవడం అందులో ఒకటి. యంత్రం లేనిచోట చేసేది ఒంటికాలి గెంతు: మంచి కాలి మీద ఒకసారి, ఆపరేషన్ జరిగిన కాలి మీద ఒకసారి గెంతించి, దిగాక తూలకుండా నిలబడితేనే దూరం కొలుస్తారు. ఒక గెంతు, మూడు వరస గెంతులు, గీతకు అటూ ఇటూ దాటుతూ మూడు గెంతులు. రెండో కాలి దూరం మొదటిదానిలో 90 శాతానికి తగ్గకూడదు, ఆపరేషన్ జరిగి తొమ్మిది నెలలు నిండి ఉండాలి. రెండూ కుదిరితేనే బరి. ఇందుకు కావలసింది ఒక టేపు, నేల మీద గీయడానికి సుద్దముక్క, ఆపరేషన్ తేదీ రాసి పెట్టుకున్న ఒక కాగితం. అనంతపురంలో ఏ బడి ఆవరణలోనైనా, ఏ జూడో చాప పక్కనైనా వ్యాయామ ఉపాధ్యాయుడు చేయగలిగిన పరీక్ష ఇది. కాలు గాయమైన పిల్లకు హాస్టల్ సీటు, జట్టులో చోటు ఆ తొమ్మిది నెలలూ పోవని ముందే చెప్పి ఉంచితే, ఆ గెంతు దూరాన్ని ఆమె కూడా నిజాయితీగా చూపిస్తుంది.